సామాజిక తనిఖీ: నెల్లూరు పడమటి మెట్టలో లెక్క అడిగే హక్కు

ప్రభుత్వం చేసిన పనినీ, దానికి పెట్టిన ఖర్చునూ, ఆ పని ఎవరి కోసం జరిగిందో వాళ్లే రికార్డులు ముందు పెట్టుకుని ఊరందరి ఎదుట సరిచూసుకోవడాన్ని సామాజిక తనిఖీ అంటారు. నిపుణుల గదుల్లో సాగే మూల్యాంకనం రచ్చబండ దగ్గరికి వచ్చిన రూపం ఇది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లో గ్రామీణ ఉపాధి హామీ పథకంతో దీన్ని మొదలుపెట్టింది. దేశంలో మొదటిసారిగా రాష్ట్రమంతటికీ వర్తించే శాశ్వత వ్యవస్థగా మలిచింది. నెల్లూరు జిల్లా పడమటి భాగంలోని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలు ఈ వ్యవస్థ పరిధిలో ఉన్నాయి. సర్కారును లెక్క అడగడంలో ఈ మెట్టకు అంతకంటే పాత చరిత్రే ఉంది. మూల్యాంకనం ప్రజాస్వామ్యాన్ని ఎలా గట్టిపరుస్తుంది, ప్రజల నమ్మకాన్ని ఎప్పుడు నిలబెడుతుంది, ఎప్పుడు పోగొడుతుంది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం ఆ అనుభవం ఆధారంగా పరిశీలిస్తుంది.

మాటలు, వాటి తేడాలు

పర్యవేక్షణ, తనిఖీ, మూల్యాంకనం అన్న మాటలను ఒకే అర్థంలో వాడేస్తుంటారు. ఒక చెరువు పూడికతీతను తీసుకుంటే వాటి తేడా తెలుస్తుంది. ఈ వారం ఎంతమంది పనికి వచ్చారు, ఎంత మట్టి తీశారు అని పని నడుస్తుండగా చూసేది పర్యవేక్షణ. మస్టరు అనే హాజరు పట్టీలోని పేర్లు, కొలతల పుస్తకంలోని అంకెలు, కూలీ చేతికి అందిన డబ్బు ఒకదానితో ఒకటి సరిపోయాయా అని చూసేది తనిఖీ. పూడిక తీశాక చెరువులో నీళ్లు ఎన్నాళ్లు నిలిచాయి, కింది పొలాలకు ఏమి ఒరిగింది, ఇదే ఖర్చుతో ఇంతకన్నా మేలైన పని ఉండేదా అని అడిగేది మూల్యాంకనం.

మూల్యాంకనంలోనూ రెండు తీరులున్నాయని మైఖేల్ స్క్రివెన్ 1967లో విడమరిచి చెప్పాడు. పని సాగుతుండగానే దాన్ని దిద్దడానికి చేసేది ఒకటి. పని ముగిశాక దాని విలువ తేల్చడానికి చేసేది మరొకటి. సామాజిక తనిఖీలో ఈ రెండూ కలుస్తాయి. జరిగిపోయిన పనికి లెక్క తేల్చుతూనే, రాబోయే పని ఎలా ఉండాలో ఊరు తన మాట చెబుతుంది.

ప్రాంతం

నెల్లూరు జిల్లా పేరు వినగానే పెన్నా డెల్టా వరి మళ్లు గుర్తొస్తాయి. పడమట వెలికొండల వైపు వెళ్లేకొద్దీ నేల తీరు మారిపోతుంది. ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు, దుత్తలూరు, వింజమూరు, కలిగిరి, కొండాపురం, జలదంకి మండలాలు ఉదయగిరి శాసనసభ నియోజకవర్గంలో ఉన్నాయి. ఆత్మకూరు నియోజకవర్గంలో ఆత్మకూరు, అనంతసాగరం, మర్రిపాడు, అనుమసముద్రంపేట, చేజర్ల, సంగం మండలాలున్నాయి. పెన్నా మీద కట్టిన సోమశిల జలాశయం అనంతసాగరం మండలంలోనే ఉంది. దాని నీటి నిల్వ సామర్థ్యం 78 టీఎంసీలు. అంత నీరు పక్కనే ఉన్నా, కాలువ ఎక్కని మెట్ట ఊళ్లకు వానా చెరువులే దిక్కు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు తెచ్చే వానలు తప్పితే ఏడాదంతా తిప్పలే. ఉదయగిరి ప్రాంతపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సమస్య కూడా ఉంది.

ఇలాంటి చోట ఉపాధి హామీ పనిని జనం 'కరువు పని' అంటారు. చెరువు పూడిక, వాగు కాలువల మరమ్మతు, నీటి కుంటల తవ్వకం, కొండవాలు కందకాలు ఆ పనుల్లో ముఖ్యమైనవి. వేసవిలో ఇంటిల్లిపాదీ వలస పోకుండా ఊళ్లోనే నిలబెట్టే కూలి అది. అందుకే మస్టరులో ఒక దొంగ పేరు చేరినా, కొలతలో ఒక అడుగు తగ్గినా మెట్టలో అది వంటింటి దాకా తెలుస్తుంది.

పూర్వరంగం

ఊరి ధనం ఖర్చు పెట్టినవాడు ఊరికి లెక్క చెప్పాలన్నది దక్షిణాదికి కొత్త మాట కాదు. నేటి తమిళనాడులోని ఉత్తరమేరూరులో చోళరాజు మొదటి పరాంతకుడి నాటి, అంటే పదో శతాబ్దపు శాసనాలున్నాయి. గ్రామసభ వారియాల్లో, అంటే కమిటీల్లో, పనిచేసి లెక్కలు అప్పగించనివారికి మళ్లీ ఎన్నికయ్యే అర్హత లేదని వాటిలో రాసి ఉంది. ఆ అనర్హత వారి బంధువులకూ వర్తించేది. అయితే ఆ సభలో చోటు భూమి, విద్య ఉన్నవారికే దక్కేది. లెక్క అడిగే హక్కు చేలో పనిచేసే కూలీకి చేరడానికి వెయ్యేళ్లు పట్టింది.

స్వతంత్ర భారతదేశం ప్రణాళికలతో పాటే మూల్యాంకనానికీ ఏర్పాటు చేసుకుంది. సమాజాభివృద్ధి పథకం మొదలైన 1952లోనే ప్రణాళికా సంఘం కింద కార్యక్రమ మూల్యాంకన సంస్థ ఏర్పడింది. ఆ పథకం ఎలా నడుస్తోందో పరిశీలించడానికి నియమించిన బల్వంతరాయ్ మెహతా బృందం 1957లో నివేదిక ఇచ్చింది. ప్రజలు ఎన్నుకున్న స్థానిక సంస్థలు లేకుండా గ్రామాభివృద్ధిలో జనం పాలుపంచుకోరని తేల్చి, మూడంచెల పంచాయతీ వ్యవస్థను సూచించింది. 1959లో రాజస్థాన్, ఆ వెంటే ఆంధ్రప్రదేశ్ దాన్ని అమలు చేశాయి. నేటి పంచాయతీరాజ్ వ్యవస్థ అలా ఒక మూల్యాంకన నివేదిక నుంచి పుట్టింది. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలో స్థానం కల్పించింది.

దూబగుంట: చదువు నేర్పిన ప్రశ్న

ఉదయగిరి నియోజకవర్గంలోని కలిగిరి మండలంలో దూబగుంట అనే ఊరుంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం సాగింది. రాత్రి బడుల్లో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు తమ బతుకుల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కూలి డబ్బు ఎంత ఇంటికి వస్తోంది, ఎంత సారాకు పోతోంది అన్న లెక్క అక్కడే తేలింది. తాగడానికి నీళ్లు రాని ఊరికి సారా ఎలా వస్తోందన్న ప్రశ్న పుట్టింది. వర్ధినేని రోశమ్మ, ఆమెతో కలిసిన మహిళలు తమ ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. ఆ అనుభవం అక్షరాస్యతా వాచకంలో పాఠమై ఊరూరికీ చేరింది. 1992లో అది రాష్ట్రాన్ని కదిలించిన సారా వ్యతిరేక ఉద్యమమైంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో రద్దయింది.

దూబగుంట ఉద్యమాన్ని ఎవరూ మూల్యాంకనం అని పిలవలేదు. కానీ ఒక ప్రభుత్వ విధానం మంచిచెడ్డలను దాని భారం మోసినవాళ్లే తూచి, ఆ తీర్పును బహిరంగంగా చెప్పి, విధానాన్ని మార్పించడం అక్కడ జరిగింది. ఖజానా లెక్కలో సారా వేలం ఆదాయం. ఆడవాళ్ల లెక్కలో అది తిండిగింజల కోత. ఏ లెక్క ఎవరు వేస్తున్నారన్నదాన్ని బట్టి ఫలితం మారుతుందనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

చట్టం, సంస్థ

సామాజిక తనిఖీకి ఆధునిక రూపమిచ్చింది రాజస్థాన్. 1990లో ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ కార్యకర్తలు కరువు పనుల మస్టర్లు సంపాదించి, వాటిని జనం మధ్య చదివి వినిపించేవారు. చనిపోయినవారి పేర్లు, ఊళ్లో లేనివారి పేర్లు, పూర్తికాని కట్టడాలు అక్కడే బయటపడేవి. 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరానాలో తొలి జన్ సున్‌వాయీ, అంటే ప్రజా విచారణ, జరిగింది. అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ వంటివారు నడిపిన ఆ పోరాటం 2005 సమాచార హక్కు చట్టానికి దారి వేసింది.

అదే ఏడాది వచ్చిన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ పనుల సామాజిక తనిఖీని గ్రామసభ బాధ్యతగా చేసింది. పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభించారు. నెల్లూరు జిల్లాకు అది 2007లో, రెండో విడతలో వచ్చింది. 2009లో చట్టానికి మహాత్మా గాంధీ పేరు చేర్చారు.

గ్రామీణాభివృద్ధి శాఖ ముఖ్య కార్యదర్శిగా కె. రాజు ఉన్న కాలంలో రాష్ట్ర ప్రభుత్వం రాజస్థాన్ కార్యకర్తల చేత శిక్షణ ఇప్పించి తనిఖీలు మొదలుపెట్టింది. 2009లో సామాజిక తనిఖీ, జవాబుదారీతనం, పారదర్శకతల సంస్థను సొసైటీగా నమోదు చేసింది. రాజస్థాన్ ఉద్యమం నుంచి వచ్చిన సౌమ్య కిడాంబి దానికి సంచాలకురాలయ్యారు. పథకం వ్యయంలో అర శాతాన్ని తనిఖీకి కేటాయించారు. పనిచేయించే శాఖ తన పనిని తానే తనిఖీ చేసుకుంటే జనం నమ్మరన్న ఎరుక ఈ ఏర్పాటు వెనుక ఉంది. 2011లో కేంద్రం, కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్‌ను సంప్రదించి, ప్రతి రాష్ట్రంలో ఇలాంటి స్వతంత్ర సంస్థ ఉండాలనీ, ఆరు నెలలకోసారి తనిఖీ జరగాలనీ నియమాలు చేసింది. 2014లో రాష్ట్రం విడిపోయాక రెండు రాష్ట్రాలూ వేర్వేరు సంస్థలను నడుపుతున్నాయి.

తనిఖీ జరిగే తీరు

తనిఖీ మండలం యూనిట్‌గా సాగుతుంది. ముందుగా ఆ మండలంలో జరిగిన పనుల రికార్డులను, అంటే మస్టర్లు, కొలతల పుస్తకాలు, చెల్లింపు ఉత్తర్వులు, సామగ్రి బిల్లులను అధికారులు తనిఖీ బృందానికి అప్పగించాలి. పథకం వివరాలన్నీ మొదటి నుంచీ కంప్యూటర్లో ఉండటం ఆంధ్రప్రదేశ్‌కు కలిసివచ్చింది. ఏ జాబు కార్డు మీద ఎన్ని రోజుల పని నమోదైందో, ఎంత కూలి పడిందో ముద్రించి ఊరికి తీసుకుపోవచ్చు.

జిల్లా స్థాయి తనిఖీదారులు మండలంలోని కూలీ కుటుంబాల నుంచి చదువుకున్న యువతీ యువకులను ఎంచుకుని శిక్షణ ఇస్తారు. మస్టరు ఎలా చదవాలి, టేపు పట్టి గుంత పొడవు, వెడల్పు, లోతు ఎలా కొలవాలి, వాంగ్మూలం ఎలా రాయాలి అన్నవి ఆ శిక్షణలో నేర్పుతారు. మొహమాటం, బెదిరింపు రెండూ అడ్డు రాకుండా వారిని సొంత పంచాయతీకి కాక మరో పంచాయతీకి పంపుతారు. పని చేయించిన సిబ్బంది ఆతిథ్యం తీసుకోకూడదన్నది వారి నియమం.

ఊళ్లో వాళ్లు ఇంటింటికీ తిరుగుతారు. 'మీ కార్డు మీద ఇన్ని రోజులు పనిచేసినట్టుంది, నిజమేనా? ఇంత డబ్బు అందిందా?' అని అడుగుతారు. చదువురాని పెద్దావిడకు ఆమె పేరు మీద ఉన్న లెక్కను గట్టిగా చదివి వినిపిస్తారు. మొత్తం ప్రక్రియలో అతి విలువైన ఘడియ ఇదే. అప్పటిదాకా మండలాఫీసు బీరువాలో ఉన్న ప్రభుత్వ లెక్క, దాని సొంతదారు చెవిన పడేది అప్పుడే. ఆ తర్వాత పని జరిగిన చోటికి వెళ్లి టేపు పట్టి కొలుస్తారు. పుస్తకంలో ఉన్న కుంట నేల మీద ఉందా, ఉంటే చెప్పినంత ఉందా అని చూస్తారు.

తేలిన విషయాలను మొదట గ్రామసభలో చదువుతారు. చివర మండల కేంద్రంలో ప్రజావేదిక జరుగుతుంది. పంచాయతీల వారీగా నివేదికలు వినిపిస్తుంటే కూలీలు లేచి తమ మాట చెబుతారు. ఫీల్డ్ అసిస్టెంట్లు, టెక్నికల్ అసిస్టెంట్లు, ఇతర సిబ్బంది అందరి ముందే జవాబివ్వాలి. వేదిక మీద ఉన్న జిల్లా అధికారి ఒక్కో అంశం మీద నిర్ణయం ప్రకటిస్తారు: సొమ్ము రికవరీ, ఉద్యోగిపై చర్య, మరోసారి విచారణ, లేదా ఆరోపణ రుజువు కాలేదన్న ముగింపు. ఆరోపణ రుజువు కాలేదని తేలడమూ మేలే. నిజాయితీగా పనిచేసిన ఉద్యోగికి ఊరి ముందు మచ్చ తొలగేది ఆ వేదిక మీదే.

అధ్యయనాలు తేల్చినవి

తనిఖీ వ్యవస్థను కూడా పరిశోధకులు మూల్యాంకనం చేశారు. యామినీ అయ్యర్, సలీమా సంజీ 2009లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, తనిఖీ తర్వాత కూలీలకు తమ హక్కుల గురించి తెలివిడి బాగా పెరిగింది, ఆ తెలివిడి నిలిచింది కూడా. జాబు కార్డులు, చెల్లింపుల వంటి చిన్న చిక్కులు తనిఖీ వల్ల తీరుతాయన్న నమ్మకం వారిలో కనిపించింది.

ఫర్జానా అఫ్రీదీ, వెగార్డ్ ఇవర్సెన్ 2014లో వెలువరించిన అధ్యయనం మరో కోణం చూపింది. 8 జిల్లాల్లోని 300 గ్రామ పంచాయతీల్లో 2006–2010 మధ్య జరిగిన తనిఖీ నివేదికలను వారు పరిశీలించారు. తనిఖీలు పదేపదే జరిగినా మొత్తం అక్రమాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. కూలీ సులువుగా పట్టుకోగల దొంగ హాజర్ల వంటివి తగ్గితే, కూలీ కంటికి అందని సామగ్రి బిల్లుల అక్రమాలు పెరిగాయి. పోయిన సొమ్ములో తిరిగి వచ్చింది కొద్దిపాటే. బాధ్యుల మీద గట్టి చర్యలూ అరుదే.

ఈ రెండు అధ్యయనాలనూ కలిపి చదవాలి. తనిఖీ జనానికి కళ్లిచ్చింది. చూసినదాన్ని సరిదిద్దే చేయి మాత్రం ప్రభుత్వం దగ్గరే ఉండిపోయింది. ఆ చేయి కదలకపోతే ఎంత నిశితంగా చూసినా ఫలితం సగమే.

మాట వినిపించని మెజారిటీ

నెల్లూరు జిల్లా పాలుపంచుకున్న మరో పెద్ద మూల్యాంకనం బయోమెట్రిక్ స్మార్ట్‌కార్డులది. ఉపాధి కూలి, సామాజిక పింఛన్లు వేలిముద్ర ఆధారంగా చెల్లించే ఈ పద్ధతిని ఉమ్మడి రాష్ట్రంలోని 8 జిల్లాల్లో పరీక్షించారు. వాటిలో నెల్లూరు ఒకటి. ఏ మండలాలకు ముందు, ఏ మండలాలకు వెనుక అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించి, 157 మండలాలను పోల్చి చూశారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌టంకర్ 2016లో ఫలితాలు ప్రచురించారు. కూలి అందడంలో ఆలస్యం తగ్గింది. డబ్బు తీసుకోవడానికి పట్టే సమయం దాదాపు ఐదో వంతు తగ్గింది. మధ్యలో జారిపోయే సొమ్మూ తగ్గింది.

ఈ కథలో ప్రజాస్వామ్యానికి పనికొచ్చే పాఠం వేరే ఉంది. పథకం బాగాలేదన్న మాటలు స్థానిక నాయకుల నుంచి పైకి చేరడంతో 2013లో ప్రభుత్వం దాన్ని ఆపేయాలన్న ఆలోచన దాకా వెళ్లింది. లబ్ధిదారుల్లో అత్యధికులు కొత్త పద్ధతినే కోరుకుంటున్నారని సర్వే చూపడం, దాన్ని కొనసాగించాలన్న నిర్ణయానికి ఒక కారణమైంది. పద్ధతి వల్ల నష్టపోయినవాళ్ల గొంతు రాజధాని దాకా వెళ్తుంది. లాభపడిన కూలీ తన పని తాను చూసుకుంటాడు. ఆ కూలీ మాటను ప్రభుత్వం చెవిన వేయడం మంచి మూల్యాంకనం చేసే పెద్ద సేవ.

ఇతర ప్రాంతాలు, ఇతర దేశాలు

బెంగళూరులో శామ్యూల్ పాల్ 1990ల మొదట్లో పౌర సేవలకు ప్రజల చేత మార్కులు వేయించి, ఫలితాలను పత్రికల్లో ప్రకటించారు. మేఘాలయ 2017లో అనేక పథకాలకు వర్తించేలా సామాజిక తనిఖీ చట్టం చేసింది. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రే నగరం 1989 నుంచి బడ్జెట్ నిర్ణయాల్లోనే జనాన్ని కూర్చోబెట్టింది.

ఇండోనేషియాలో బెంజమిన్ ఓల్కెన్ 608 గ్రామాల రోడ్డు పనుల మీద చేసిన ప్రయోగం 2007లో వెలువడింది. ప్రభుత్వ ఆడిట్ తప్పనిసరిగా జరుగుతుందని ముందే చెప్పిన ఊళ్లలో లెక్కకు అందని ఖర్చు సుమారు 8 శాతం పాయింట్లు తగ్గింది. జనాన్ని సమావేశాలకు పిలవడం వల్ల మాత్రం సగటున పెద్ద మార్పు రాలేదు. ఆంధ్ర అనుభవమూ దీనికి దగ్గరగానే ఉంది. జనం కన్ను, ఆడిటరు నైపుణ్యం ఒకదానికొకటి తోడు కావాలి. దొంగ హాజరును కూలీ పట్టుకుంటాడు. సిమెంటు బిల్లులోని మోసాన్ని ఇంజినీరు, అకౌంటెంటు కలిసి పట్టుకోవాలి.

నమ్మకం ఎప్పుడు నిలుస్తుంది

బ్రిటిష్ తత్వవేత్త ఒనోరా ఓనీల్ 2002 నాటి బీబీసీ రీత్ ప్రసంగాల్లో నమ్మకం గురించి మాట్లాడారు. జనం మరింత నమ్మాలని కోరుకోవడం కంటే, సంస్థలు నమ్మదగినవిగా ఉండటం ముఖ్యమన్నది ఆమె వాదన సారం. మెట్ట ఊళ్లకు ఇది చక్కగా వర్తిస్తుంది. నమ్మమని చెబితే నమ్మకం రాదు. సరిచూసుకునే వీలిచ్చి, తప్పు తేలితే దిద్దితే వస్తుంది.

అందుకు నాలుగు ఆధారాలు కావాలి. రికార్డు పూర్తిగా, సకాలంలో చేతికి రావాలి. తనిఖీదారు పనిచేయించిన శాఖకు లోబడి ఉండకూడదు. మాట చెప్పిన కూలీకి మరుసటి వారం పని ఆగిపోదన్న భరోసా ఉండాలి. నాలుగోది అన్నింటికన్నా ముఖ్యం: వేదిక మీద ప్రకటించిన నిర్ణయం ఏమైందో అదే ఊరికి తిరిగి వచ్చి చెప్పాలి.

ఆచరణలో ఎక్కువగా కుంటుపడేది ఈ నాలుగోదే. రికవరీ ఉత్తర్వు వెలువడి సొమ్ము జమకాకపోతే, తొలగించిన మనిషి కొన్నాళ్లకు అదే పనిలో కనిపిస్తే, లేచి మాట్లాడినవాళ్లు ఊళ్లో ఒంటరివాళ్లవుతారు. తర్వాతి తనిఖీకి వాళ్లు నోరు తెరవరు. మండల స్థాయి రాజకీయాలు ప్రజావేదికను గొడవగా మార్చే ప్రమాదమూ ఉంది. వీటికి తోడు, తనిఖీ ఎక్కువగా డబ్బు లెక్క దగ్గరే ఆగిపోతుంది. తవ్విన కుంటలో నీళ్లు నిలిచాయా, నాటిన మొక్క బతికిందా అన్న అసలు మూల్యాంకన ప్రశ్నకు వేదిక మీద దొరికే సమయం తక్కువ.

ప్రాముఖ్యం

ఐదేళ్లకోసారి వేసే ఓటు పాలన మొత్తం మీద ఒకే తీర్పు. ఏ కుంట బాగా తవ్వారు, ఎవరి కూలి ఎగ్గొట్టారు అన్నది ఆ ఓటులో చెప్పడం కుదరదు. ఆ చిన్న, నిర్దిష్టమైన తీర్పులకు ప్రజాస్వామ్యంలో చోటు కల్పించడమే సామాజిక తనిఖీ సాధించిన ముఖ్య ఫలితం. ఉద్యమకారులు రోడ్డెక్కి సాధించుకున్న హక్కును ప్రభుత్వ దినచర్యలో భాగం చేయడం ఆంధ్రప్రదేశ్ ప్రత్యేకత.

ఇంకా జరగాల్సినదీ ఈ అనుభవమే చూపిస్తోంది. ప్రతి తనిఖీ ఆ ఊళ్లో వెనుకటి తనిఖీ నిర్ణయాల జాబితాతో మొదలవ్వాలి. ఎంత సొమ్ము తిరిగి వచ్చింది, ఎవరి మీద ఏ చర్య జరిగింది, ఏది మిగిలింది అన్నది కొత్త రికార్డు తెరవడానికి ముందే చదవాలి. దూబగుంట ఆడవాళ్లు తమ లెక్కను తామే వేసుకుని, దాని ఫలితాన్ని కళ్లారా చూశారు. ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో నేడు ప్రజావేదిక ముందు లేచి నిలబడే కూలీకి కూడా అలాంటి ఫలితం కనిపించాలి. అప్పుడే ఆమె మరుసటి ఏడు మళ్లీ లేచి నిలబడుతుంది.